అంటు గుర్తు లేని ఆపిల్ చెట్టు

మే నెల మొదట్లో మా ఇంటి ఓనరు వచ్చి, ప్రహరీ పక్కనున్న ఆపిల్ చెట్టును చూపించి, రెండు వారాల్లో దాన్ని కొట్టించి అక్కడ కారు షెడ్ వేయిస్తానన్నాడు. ఆయన ఖతారీ, పెద్దమనిషి, మాతో హిందీలోనే మాట్లాడతాడు. నేను కుదరదన్నాను. ఇల్లూ ఆయనదే, చెట్టూ ఆయనదే, కాదనడానికి నేనెవరినని ఆ క్షణంలో తోచలేదు. ఆయనకి కోపం రాలేదు. "ఏ రకమో కనుక్కొని చెప్పు. మంచిదైతే ఉంచుతా. లేకపోతే మాఫీ ఫాయిదా" అన్నాడు. లాభం లేదని.

అల్ ఘర్రాఫాలోని ఈ విల్లాకి మేము వచ్చేసరికే ఆ చెట్టుంది. ఎవరు నాటారో ఎవరికీ తెలియదు. నాలుగేళ్లలో మొదటిసారి ఈ ఏడాదే పూసి, మూడు కాయలు నిలుపుకుంది. నేను గుంటూరులో పదకొండేళ్లు డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పినదాన్ని. ఇక్కడికొచ్చాక నా చదువుతో ఎవరికీ పని పడలేదు. ఏ కాగితంలోనైనా ఉద్యోగం అన్న గడిలో 'హౌస్ వైఫ్' అని రాయాల్సి వచ్చినప్పుడల్లా పెన్ను విరగ్గొట్టాలనిపించేది. ఇన్నాళ్లకి ఒకాయన నన్ను ఒక చెట్టు గురించి అడిగాడు. చెప్పలేకపోతే చెట్టు పోతుంది, దాంతోపాటు నా పరువూ పోతుంది.

వేడి ప్రాంతాల్లో కాసే ఆపిల్ రకాలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఆకుల అంచులు చూశాను, తొడిమలు కొలిచాను. తొందరపడి ఒక కాయ కోసేస్తే లోపల గింజలింకా తెల్లగా ఉన్నాయి, అనవసరంగా పాడుచేశాను. ఒక రకంతో కాయ కలిస్తే ఆకు కలవదు, ఆకు కలిస్తే పువ్వు కలవదు. ఇద్దరు నర్సరీవాళ్లకి ఫోటోలు పంపితే ఇద్దరూ రెండు పేర్లు చెప్పారు. "ఏదో ఒక పేరు చెప్పెయ్యి, ఆయనకేం తెలుస్తుంది?" అన్నారు మావారు. ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు.

మా వీధిలో విల్లాల తోటపని చేసే అతనిది జగిత్యాల వైపు. ఒకరోజు నేను స్కేలు పట్టుకుని ఆకులు కొలుస్తుంటే నీళ్ల పైపు పక్కన పడేసి వచ్చాడు.

"ఆకులు కొలుసుడేంది అక్కా? మొదలు జూశినవా?"

"మొదట్లో ఏముంటుంది తమ్ముడూ?"

అతను కూర్చుని, వేళ్లు బయటపడేదాకా చేతుల్తోనే ఇసుక తోడాడు.

"మా దిక్కు మామిడితోటల శాన ఏండ్లు పనిజేశిన. అంటుచెట్టయితే మొదట్ల అతుకు కనవడ్తది. దీనికి లేదు. గిది గింజకు మొలిశింది. ఎవలో ఆపిల్ తిని పారేశిన్రు."

నేను అక్కడే చతికిలపడ్డాను. ఆపిల్ గింజకి మొలిచిన చెట్టు తల్లిచెట్టులా ఉండదని, ప్రతి గింజా ఒక కొత్త రకమేనని, బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్పినదాన్ని నేనే. ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వాగలేదు. నా నోటుబుక్కులో ఎంత వెతికినా దొరకదు గాక దొరకదు. ఈ రకానికి ప్రపంచం మొత్తమ్మీద ఈ ఒక్క చెట్టే.

అయితే పేరే లేదంటే ఓనరు ఊరుకుంటాడా? ఆయన షెడ్ వేసేవాణ్ని వెంటపెట్టుకుని వచ్చేనాటికి మిగిలిన రెండు కాయలూ పసుపు తిరిగాయి. నేను అబద్ధమాడలేదు. "దీనికి పేరు లేదు. గింజకి మొలిచింది. దీన్ని కొట్టేస్తే ఈ రకం ఇంకెక్కడా ఉండదు" అని చెప్పి, ఒక కాయ కోసి, ముక్కలు చేసి ఇచ్చాను. ఆయన కొరికాడు. ఒక కన్ను మూతపడిపోయింది. నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. దీనికంటే చింతకాయ నయం. చెట్టు పోయినట్టేననుకున్నాను, ఏడుపొచ్చినంత పనైంది.

"ఉప్పు కారం తే అక్కా, జల్ది" అన్నాడు, పైపు పట్టుకుని అక్కడే పాదులకి నీళ్లు పెడుతున్న తోటపని తమ్ముడు.

పరుగెత్తి తెచ్చాను. ఓనరు అనుమానంగానే ముక్క అద్దుకున్నాడు. ఇంకోటి తీసుకున్నాడు. చిన్నప్పుడు పచ్చి బాదంకాయలు ఇలాగే ఉప్పుతో తినేవాళ్లమని చెబుతూ కాయంతా పూర్తిచేసి, రెండోది కూడా కోయమన్నాడు. నాకు దక్కింది మొదటి ముక్కే. తర్వాత షెడ్ వేసేవాడికి గేటు అవతలి పక్క చూపించి "యల్లా, పద, అక్కడ కొలువు" అన్నాడు.

మర్నాడు ఆయన దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. అల్ హిలాల్లో వాళ్ల చెల్లెలి ఇంట్లో చెట్టట, ఏమిటో ఎవరూ చెప్పలేకపోతున్నారట. వెంటనే ఫోన్ చేశాడు.

"ఫోటో చూసి చెప్పను. చెట్టు దగ్గరకొచ్చి చూడాలి" అన్నాను.

పదింటికి కారు పంపుతానన్నాడు. పెట్టె అడుగు నుంచి, ఒకప్పుడు కాలేజీకి కట్టుకెళ్లిన గంజి చీర తీసి ఇస్త్రీ చేసుకున్నాను.