ఓడ కొయ్యకు మిగిలిన ముడి

అద్దెకిచ్చిన కుర్చీలే అన్నీ తిరిగొస్తాయని నమ్మను. పోయిన మనుషులు తిరిగొస్తారని ఎలా నమ్ముతాను?

ఆత్మకూరులో మాది షామియానాల వ్యాపారం. నా భార్య నాయన పోలయ్య మామ వయసులో ఉన్నప్పుడు తెరచాప ఓడల్లో పనిచేశాడు. ఓడ స్తంభం ఎక్కి తెరచాప మోకులు కట్టడం ఆయన పని. ఓడను విప్పి అమ్మేసినప్పుడు ఆ స్తంభం పైముక్క తెచ్చుకున్నాడు. మా షామియానాకు నడిమి గుంజ అదే.

ఆయన ముడి వేరు. ఎంత గాలికైనా బిగుస్తుంది. కొస పట్టి ఒక్కసారి లాగితే విడిపోతుంది.

"గాలి మన మాట ఇనదు అబ్బయా. గుడ్డ మనమే దించాల. ఈ ముడి నేర్చుకో" అనేవాడు.

నేను పీటముళ్లు వేసి, సాయంత్రం విప్పలేక కత్తితో కోసేవాణ్ణి. తాళ్లతో పాటు నా తెలివీ అలా పొట్టిదవుతూ వచ్చింది.

కలిగిరిలో ఒక పెళ్లిలో, గాలి వస్తుందని మామ భోజనాల మధ్యలో గుడ్డ దించబోయాడు. గాలి రాలేదు, నవ్వులొచ్చాయి. "ఇది కలిగిరి మామా, సముద్రం కాదు. ఇంక ఇంట్లో ఉండు" అన్నాను అందరిముందు. ఆయన తాడు కింద పెట్టాడు. మళ్లీ పట్టుకోలేదు. రెండు నెలలకు పోయాడు. క్షమించమని అడగడం రేపటికి, ఎల్లుండికి వాయిదా వేస్తూనే ఉన్నాను.

తర్వాత ఉదయగిరిలో, కొండ కింద, ఒక ఓణీల ఫంక్షన్. ఎనిమిది తాళ్లకూ నేనే పీటముళ్లు వేశాను. మధ్యాహ్నం ఆడవాళ్లు, పిల్లలు భోజనాలకు కూర్చుంటుంటే గుడ్డ ఒక పక్క నుంచి మెల్లగా జారింది.

"ఎవుర్రా ఇప్పింది?" అని మా పనివాడు మస్తాన్ మీద అరిచాను.

"నేనీడ కుర్చీలేస్తా ఉండాను గదన్నా."

అందరూ నన్ను తిట్టుకుంటూ బయటికొచ్చారు. అప్పుడొచ్చింది కొండ మీది నుంచి గాలి. పక్క గుంజలు ఊడొచ్చి, వాళ్లు కూర్చున్నచోటే పడ్డాయి. ఓడ కొయ్య ఒక్కటే నిలబడింది.

తాళ్లు తెగలేదు. కత్తి నా జేబులోనే ఉంది. ఏడు ముళ్లు విడిపోయి ఉన్నాయి. ఎనిమిదోది కొయ్యకే ఉంది, కానీ అది పీటముడి కాదు.

మస్తాన్ దాన్ని తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది పెద్దాయన ముడే గదన్నా."

ప్లాస్టిక్ తాడు జారుతుందంటుంది నా భార్య. జారుతుంది, ఒప్పుకుంటాను. జారిన తాడు ముడి వేసుకోదు కదా. అది ఎలా జరిగిందో ఇవాళ్టికీ చెప్పలేను.

ఆ కొయ్యను మళ్లీ అద్దెకివ్వలేదు. ముడితో సహా షెడ్డులో ఉంది. ఒక్కసారి లాగితే చాలు, విడిపోతుంది. లాగలేదు. మళ్లీ కట్టడం నాకు రాదు.