తమ్ముడి ఆకులో బ్రాందీ

నా పేరు అప్పలనర్సమ్మ. వయసు డెబ్భై తొమ్మిది. సింగపూర్‌లో, సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో కూతురు, అల్లుడు, మనవరాలితో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మా తమ్ముడు పోయాడు. మార్కెట్ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ కూలబడ్డాడట. పెద్దకర్మ కూడా అయింది. ఆ రోజు వాడికి జరిగిన అవమానం నలుగురికీ తెలియాలనే ఇది రాయిస్తున్నాను.

తమ్ముడు ఒక ఇటాలియన్ రెస్టారెంట్ వంటింట్లో చేపలు కడిగి, కోసే పని చేసి రిటైరయ్యాడు. అక్కడ పని ముగిశాక యజమాని అందరినీ కూర్చోబెట్టి తిండి పెట్టి, తలా ఒక గ్లాసు తెల్ల వైన్ పోసేవాడట. అలా వాడికి వెర్మెంటీనో అనే ఆ వైన్ అలవాటైంది. లేత గడ్డి రంగులో ఉంటుంది. సముద్రం ఒడ్డున పండే ద్రాక్షతో చేస్తారని, అందుకే నాలుక మీద కాస్త ఉప్పదనం తగులుతుందని చెప్పేవాడు. ఆదివారం మా ఇంటికి వస్తే ముందు సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, ఆ తర్వాతే నన్ను పలకరించేవాడు.

“అక్కా, ఇవాళ ఏం వండావు?”

“చేపల పులుసు.”

“అయ్యో, పులుసు ముందు ఇది నోరెత్తలేదే. నెత్తళ్ళు వేయించు. నిమ్మకాయ పిండు. కారం తగ్గించు.”

“తగ్గించాలా? నీ సీసాకి మర్యాదలు చేయడానికా నేను పుట్టింది?”

తిట్టుకుంటూనే ఆ చిన్న చేపలు వేయించేదాన్ని. వాడు ఒక్కొక్కటే కరకరా నములుతూ మధ్యమధ్య ఒక గుక్క తాగేవాడు. ఒక గ్లాసుతో సరి. “అక్కా, ఇది తాగేది కాదే, వేపుడుతో పాటు తినేది” అనేవాడు.

బ్రాందీ మాత్రం వాడికి గిట్టదు. మలేషియా రబ్బరు తోటలో మా అయ్య అది తాగొచ్చి అమ్మను కొడుతుంటే, తమ్ముడు నా పావడా పట్టుకుని మంచం కింద వణికేవాడు. ముసలితనంలోనూ పెళ్ళిళ్ళలో ఆ వాసన తగిలితే లేచి వేరే కుర్చీలోకి వెళ్ళిపోయేవాడు.

మాలో పెద్దకర్మ నాడు, పోయినవాళ్ళకి ఇష్టమైనవి అరటాకులో వడ్డించి ఆరుబయట పెడతాం. పిట్ట ముడితే ఆ మనిషి తిన్నట్టే. మరి తమ్ముడి ఆకులో ఏం పెట్టారు? కోడికూర, బ్రాందీ! అదంతా వాడి బావమరిది పెత్తనం.

“ఇదేంటయ్యా, వాడెప్పుడైనా బ్రాందీ ముట్టాడా?” అన్నాను.

“వదినా, మగాడి ఆకులో బ్రాందీయే పెడతారు. మా నాన్నకీ అదే పెట్టాం. ఆ తెల్లది ఆడాళ్ళ జ్యూసు.”

“ఈ ఆకు వాడిదా, మీ నాన్నదా?”

తమ్ముడి కొడుకు, నా మేనల్లుడు, నా చెయ్యి పట్టుకుని ఇక్కడి యాసలో బతిమాలాడు. “అత్తా, ప్లీజ్ లా. అందరూ చూస్తున్నారు.”

చూడనీ. కాకి రాలేదు. అందరూ ఎండలో మాడిపోతూ నిలబడ్డారు. చివరికి ఒక మైనా వచ్చి కోడిముక్క లాక్కుపోయింది. “ముట్టింది, ముట్టింది!” అంటూ భోజనాలకి కదిలారు. మిగిలిన బ్రాందీని ఆ బావమరిదే మగవాళ్ళకి పంచాడు. ఆ రోజు ఎవరి కోరిక తీరిందో మీరే చెప్పండి.

నేను అడిగేది ఒక్కటే. సంవత్సరీకానికి వాడి ఆకులో వేయించిన నెత్తళ్ళు, నిమ్మచెక్క, చల్లటి వెర్మెంటీనో పెట్టాలి. నేనుంటే నేనే పెడతాను. లేకపోతే మేనల్లుడు పెట్టాలి. పెట్టకపోతే, ఇది చదివినవాళ్ళు వాణ్ణి నిలదీయండి.

అప్పటిదాకా నా మనసు ఆగలేదు. కర్మ మర్నాడే నెత్తళ్ళు వేయించి, మా గుమ్మం బయట కారిడార్ గోడ మీద ఆకు వేసి పెట్టాను. పక్కనే వైన్ గ్లాసు. పక్కింటి చైనా ఆవిడ చూసి, “ఆంటీ, కెనా సమాన్ లా!” అని గోల పెట్టింది. జరిమానా పడుతుంది అని. ఇక్కడ పిట్టలకి తిండి వేయకూడదు.

“పిట్టకి కాదు, మా తమ్ముడికి” అని మలయ్‌లో చెప్పాను.

ఆవిడ తన ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. గ్లాసుకు పట్టిన చెమట బొట్లు బొట్లుగా గోడ మీదికి జారుతుంటే, ఇద్దరం చూస్తూ ఉండిపోయాం.

చదివించుకుని విన్నాను. ముద్ర నాదే.

అప్పలనర్సమ్మ, ఎడమచేతి బొటనవేలు

సాక్షులు: రాసిన మనవరాలు హారిక, పక్కింటి లిమ్ గెక్ హోంగ్