పిప్పిలో కట్టిన చదరంగం

ఆ పెట్టెలు కట్టింది మా అక్క కాదు, నేను. చెప్పవలసిన రోజున, చెప్పవలసిన మనుషుల ముందు, మాట నోటి దాకా వచ్చినా చెప్పలేదు. మా చుట్టాల్లో ఎవరు సామాను సర్దుతున్నా ఇప్పటికీ మా అక్కని తలుచుకుని నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ళలో కొందరైనా ఇది చదువుతారని రాస్తున్నాను.

అరవయ్యో దశకం చివర్లో నేను చోడవరంలో మా మేనమామ ఇంట్లో ఉండి హైస్కూల్లో చదివాను. మాది వడ్డాది దగ్గర పల్లె. చెరకూ వరీ తప్ప మరో బతుకు తెలియని ఇల్లు. మామయ్యది ఆఫీసు ఉద్యోగం. ఆయన కొడుకు నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఆ బావకి ఆటల పిచ్చి ఉండేది. ఆడటం కన్నా పోగెయ్యడం పిచ్చి. వీధిగదిలో గోడ బీరువా నిండా ఆటలే. పచ్చీసు గుడ్డా గవ్వలూ, పనసచెక్క వామనగుంటల పీట, ఇత్తడి పులులూ మేకలూ ఉన్న పులిజూదం పలక, చుట్టగా చుట్టిన వైకుంఠపాళి పటం, విశాఖపట్నంలో ఓడ దిగిన ఎవరి దగ్గరో సంపాదించిన డామినో బిళ్ళలు. అన్నిటికీ మించినది ఏటికొప్పాకలో దగ్గర కూర్చుని చేయించుకున్న లక్క చదరంగం. అంకుడు కర్ర పావులు, ఒక పక్క ఎరుపు, ఒక పక్క పసుపు. అద్దంలా మెరిసేవి.

సాయంత్రం ఆ వీధి కుర్రాళ్ళంతా అక్కడే ఉండేవారు. ఆట అయ్యాక తుడిచి సర్దడం నా వంతు. వాళ్ళ ఇంట్లో తింటున్నవాణ్ణి కదా. నిజం చెప్పాలంటే ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది. లక్కకి లక్క తగలకూడదు, వేసవిలో అంటుకుపోతాయి. పావుకీ పావుకీ మధ్య మెత్తటి గుడ్డ ఉండాలి. పచ్చీసు గుడ్డ మడతల్లో వేపాకు పెట్టాలి. ఇవన్నీ బావ నేర్పినవే. తర్వాత అతని మీద ప్రయోగించింది కూడా అతని చదువే.

ఒక సాయంత్రం ఎర్ర మంత్రి కనబడలేదు. బావ బల్ల కింద వెతికాడు, చాప దులిపాడు, చివరికి నా వైపు తిరిగాడు.

"నువ్వే కదురా సర్దేది?"

"నిన్న సూసే పెట్టేను బావా."

"సూసే పెట్టీస్తే మంత్రి నడిసెల్లిపోనాడేటి? జేబులు తియ్యి."

తీశాను. ఏమీ లేదు. అప్పుడు నా రేకుపెట్టె అరుగు మీదకి తెచ్చి బోర్లించాడు. చిరుగుల బనియన్లు, మా అమ్మ కట్టిచ్చిన బెల్లం ముక్క, దాని చుట్టూ చీమలు. వీధి కుర్రాళ్ళంతా గుమిగూడి చూశారు.

"ఇక్కడ లేదంటే వడ్డాది పంపించీసుంటాడు. ఆల్లింట్లో ఇప్పుడు మంత్రి పాలన" అన్నాడొకడు.

మామయ్య పేపరు దించి చూసి మళ్ళీ ఎత్తుకున్నాడు. అత్త ఆ రాత్రి నుంచి వంటింటి గూటికి తాళం వేసింది. బడి వదిలేదాకా నా పేరు 'మంత్రిగారు'. మా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. నేను అప్పా అని పిలిచే మా అక్క ఒక్కతే ఎలాగో విని, "నువ్వు తియ్యలేదని నాకు తెల్సులేరా" అంది. ఆ మరుసటేడు ఆమెని ఆ బావకే ఇచ్చారు. మేనరికం, ఎప్పుడో అనుకున్నదే. పెళ్ళిలో నేను బావ కాళ్ళు కడిగిన నీళ్ళు మోశాను.

డెబ్భయ్యో దశకం మొదట్లో బావకి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. తను ముందు వెళ్ళి చేరాడు. క్వార్టర్సు దొరకడానికి ఆలస్యం అవుతుందనీ, ఈలోగా సామాను తెలిసినవాళ్ళ వరండాలో పెడతాననీ చెప్పాడు. ఒక ఆదివారం వచ్చి అక్కతో, నేను వింటూండగానే అన్నాడు.

"ఆటలు మాత్రం మీ తమ్ముడి చేత కట్టించు. మూటలు కట్టడంలో ఆడికి పాత అనుభవమే కదా."

అత్త నవ్వింది. అక్క తల వంచుకుంది. నేను, "అలాగే బావా" అన్నాను.

అది గానుగ ఆడే రోజులు. మా పొలం నుంచి బెల్లం వేసుకుని బండితో నేను చోడవరం వచ్చాను. దిమ్మలు పగలకుండా అడుగున చెరకు పిప్పి పరిచారు. ఎడ్ల కోసం ఎండుగడ్డి మోపు కూడా ఉంది. బెల్లం దించాక ఆ గడ్డి తీసుకుని వీధిగదిలో కూర్చున్నాను. చెప్తే నమ్మరేమో, బాగానే కట్టడం మొదలుపెట్టాను. పులిజూదం పలకకి పాతచీర చుట్టాను. గవ్వలు మూట కట్టాను. చేతికి అలవాటైన పని, కోపాన్ని కూడా మరిపిస్తుంది.

చదరంగం పెట్టె తెరిచాను. ఎర్ర మంత్రి అందులోనే ఉన్నాడు.

తన గడిలో తను నిలబడినట్టు, రాజు పక్కనే. తల మీద ముడి దగ్గర చిన్న పెచ్చు ఊడితే కొత్త లక్క పెట్టి సరిచేయించిన గుర్తు. అంటే దొరకడమే కాదు, ఏటికొప్పాక తీసుకెళ్ళి బాగు చేయించి మరీ తెచ్చుకున్నాడు. నాకు మాత్రం చెప్పలేదు. ఆ వీధిలో ఒక్కరికీ చెప్పలేదు. "దొరికిందిరా" అన్న ఒక్క మాట.

గానుగ దగ్గర పెరిగిన ఏ పిల్లాడికైనా తెలిసిన విషయం ఒకటుంది. పిప్పి పైకి ఎండినట్టే కనబడుతుంది. పచ్చిది కుప్ప వేసి రెండు రోజులు వదిలి లోపల చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. తీపి మిగిలి ఉంటుంది కాబట్టి ముందు చీమలు, తర్వాత బూజు, ఆ తర్వాత చెద. అందుకే ఆరబోసి గానీ పొయ్యికి వాడరు. ఆఫీసు ఉద్యోగి ఇంట్లో పుట్టిన బావకి ఆ సంగతి తెలియదు.

కట్టిన గడ్డి అంతా విప్పి ఎడ్ల ముందు వేశాను. అవి నములుతుంటే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు బండి అడుగు నుంచి పచ్చి పిప్పి దోసిళ్ళతో తెచ్చి పెట్టెల్లో కూరాను. పావుల మధ్య గుడ్డలు తీసేశాను. లక్కకి లక్క తగిలేలా, ఎరుపూ పసుపూ కలిపి పేర్చాను. మంత్రిని మాత్రం వేరుగా ఊకలో పెట్టి, చిన్న డబ్బాలో మూత బిగించి, అన్నిటికన్నా పైన ఉంచాను. మూత తియ్యగానే ముందు అదే కనబడాలి. ఎవరి పనో, ఎందుకో బావకి తెలియాలి. అతను అరిస్తే అందరి ముందూ అడగాలని మాట కూడా సిద్ధం చేసుకున్నాను. 'మంత్రి ఎక్కడ దొరికేడు బావా?'

అక్క మజ్జిగ తెచ్చింది.

"ఎండుగడ్డి ఏటయిందిరా?"

"ఎడ్లు తినీసేయి."

"ఈ పిప్పి తడిగా ఉన్నట్టుందిరా."

"పైపై తడే అప్పా. ఆరిపోద్ది."

ఆమె నా మొహంకేసి కొంచెంసేపు చూసింది. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. పెట్టెలు అనకాపల్లి దాకా మా బండి మీద, అక్కడి నుంచి బెల్లం లారీ మీద విశాఖపట్నం వెళ్ళాయి. వేసవంతా ఆ వరండాలో రేకుల కింద ఉన్నాయి.

క్వార్టర్సు వచ్చాక పాలు పొంగించడానికి నేను కూడా వెళ్ళాను. వెళ్ళింది పాల కోసం కాదు. బావ కొత్త ఇరుగుపొరుగుని పిలిచి కూర్చోబెట్టాడు, తన ఆటలు చూపించడానికి. మూత లేవగానే పులిసిన వాసన వచ్చింది. ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పిప్పి నల్లబడి గడ్డకట్టింది. బావ చేతులు పెట్టి లాగితే చదరంగమంతా ఒకే ముద్దగా వచ్చింది. ఏనుగు కడుపుకి గుర్రం, రాజు వీపున బంట్లు, అన్నిటి మీదా పీచు. పచ్చీసు గుడ్డ పట్టుకుంటే పొడి. వామనగుంటల గుంటల్లో చెద మట్టి పెట్టింది.

నా గుండె ఎంత హాయిగా కొట్టుకుందో దాచను. అతను ఆ ముద్ద మీది పీచు ఒక్కొక్కటే పీకాడు. మా అమ్మ బెల్లం ముక్క అరుగు మీద దొర్లిన రోజు నేను కూడా అలాగే చీమలు ఒక్కొక్కటే దులిపాను.

బావ డబ్బా తెరిచాడు. మంత్రి నిగనిగలాడుతూ బయటికి వచ్చాడు. బావ తల ఎత్తి నన్ను చూశాడు. తెలిసిపోయింది. ఇప్పుడు అడుగుతాడు, నేను చెప్తాను అనుకున్నాను.

"ఎవరు కట్టేరివి?" అన్నాడు.

"నేనే" అంది అక్క.

బావ ఇంకొకసారి నన్ను చూసి, మంత్రిని చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత ఆమె మీద పడ్డాడు. నన్ను అంటే మంత్రి కథ చెప్పాలి. ఆమెని అంటే ఏమీ చెప్పక్కర్లేదు. "పల్లెటూరి బుర్ర! బెల్లం దిమ్మలనుకున్నావేటే?" అని ఇరుగుపొరుగు ముందు ఎంత అరవాలో అంత అరిచాడు. సిద్ధం చేసుకున్న మాట అడగకుండా, రాలిన పిప్పి ఎత్తడానికి వంగాను.

బస్సు దగ్గర అక్కని అడిగాను, ఎందుకలా చెప్పావని.

"దొంగవని ఒకసారి అన్నాడు, సాల్లేదేటి? ఇది కూడా నీ మీద వేసుకుంటావా? పో, బస్సెళ్ళిపోద్ది."

వెళ్ళిపోయాను. ఆ నింద మొయ్యడానికి ఆమే ఇష్టపడి ఒప్పుకుందని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఆ ఇంట్లో గాజు గ్లాసు నుంచి దేవుడి పటం దాకా ఏదీ బావ అక్క చేతికి ఇచ్చేవాడు కాదు. పెళ్ళిళ్ళలో భోజనాల పంక్తిలో కూర్చుని, "మా ఆవిడ చేతికి ఏదైనా ఇచ్చేరంటే పిప్పే" అనేవాడు. పంక్తి అంతా నవ్వేది. ఒకసారి నేను కూడా నవ్వాను. వడ్డిస్తున్న అక్క గరిటె ఒక్క క్షణం ఆగి, పక్క విస్తరి దగ్గరికి వెళ్ళింది. బావ చేసిన దానికి నేను పగ తీర్చుకున్నాను, ఆ దెబ్బ తిన్నది ఆమె. నా పగ అంతా అతని మీదే అనుకుంటూ అన్నేళ్ళూ అతని పక్కనే నిలబడ్డాను.

డెబ్భయ్యో దశకం చివర్లో వాళ్ళు మళ్ళీ ఇల్లు మారారు. సాయానికి వెళ్ళాను. వాకిట్లో రిక్షాలు, పక్కింటివాళ్ళు, సామాను. అక్క పింగాణీ కప్పులకి పాత చీర చుడుతోంది. చక్కగా, కప్పుకీ కప్పుకీ మధ్య మడత పెడుతూ. బావ ఆమె చేతిలోంచి లాక్కున్నాడు.

"నువ్వు ముట్టకు తల్లీ. పిప్పి చేసీగల్వు."

పక్కింటావిడ కిసుక్కున నవ్వింది.

"పిప్పి పెట్టింది నేను బావా. మంత్రి ఎక్కడ దొరికేడో నువ్వు సెప్పలేదు. పిప్పి ఎవరు పెట్టేరో నేను సెప్పలేదు" అన్నాను.

బావ కప్పులు కింద పెట్టాడు. "ఇప్పుడెందుకురా ఆ పాత కబుర్లు? ఆటలో పోయింది, బీరువా అడుగున దొరికింది. అంతే కదా."

అంతే అట. ఆ మాట కోసమే నేను అంత కాలం ఎదురుచూశాను. అతనికి నేను క్షమాపణ చెప్పలేదు, చెప్పను కూడా. ఆ చదరంగం మళ్ళీ నా చేతికి వస్తే మళ్ళీ పిప్పిలోనే కడతాను.

అక్క వైపు తిరిగాను. తప్పు నాదేనని ఏదో గొణిగాను.

ఆమె చేతిలో మిగిలిన చీర ముక్క మడత పెట్టింది. పక్కింటివాళ్ళకేసి తల తిప్పి, "గట్టిగా సెప్పు. ఆల్లకి వినపడ్లేదు" అంది.

గట్టిగా చెప్పాను. రిక్షావాళ్ళు కూడా తల తిప్పి చూశారు.

"అప్పా, ఆ పెట్టెలు కట్టింది నేను. కావాలనే పాడుసేసేను. ఆ తిట్లు నాయి, నువ్వు పడ్డావు. నన్ను క్షమించు."