మంచుకోసం చాపిన చెయ్యి

కెనడాలోని సర్రీలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసే మృదులది దెబ్బతిన్న మోకాళ్ళకు మళ్ళీ నడక నేర్పే వృత్తి. మంచుకొండల మీద పడి వచ్చిన యువకులను, "ఏం సుఖపడదామని ఎక్కారు నాన్నా అంత పైకి?" అని మందలించేది. అటువంటి మనిషి నలభై దాటిన తరువాత తానే స్నోబోర్డు ఎక్కింది. అదీ అందరూ తొక్కే వెడల్పాటి బోర్డు కాదు. గట్టి బూట్లు బిగించి తొక్కే సన్నని ఆల్పైన్ బోర్డు.

దానిమీద మలుపు తిరిగే పద్ధతి వేరు. బోర్డును ఒరిగించి అంచుమీద నిలపాలి. ముందుభాగం మంచులో పెట్టిన గాటులోనే వెనుకభాగమూ సాగాలి. వాలుపై సన్నని గీత మిగిలితే మలుపు కుదిరినట్టు. వెడల్పాటి చార మిగిలితే అంచు పట్టు తప్పినట్టు.

మృదుల గీతలు సన్నగానే వచ్చేవి. అయినా ఆమెకు తృప్తి లేదు. తోటివారి ఫోటోలలో ప్రతివారూ మలుపు నడుమ మంచుపైకి వాలి, చేతితో నేలను తాకుతూ ఉండేవారు. అటువంటి ఫోటో తనకూ ఒకటి కావాలి.

"చెయ్యి చాపి మంచుని వెతక్కు మృదులక్కా," అని, ఆమెకు బోర్డు తొక్కడం నేర్పిన వంశీధర్ పలుమార్లు హెచ్చరించాడు. "మోకాళ్ళు బాగా బెండ్ చెయ్యి, అదే చేతికొస్తుంది. నడుం వంచావా, ఎడ్జ్ మీద వెయిట్ పోద్ది. ఐస్ మీదైతే ఇక అంతే."

మార్చిలో ఒక ఆదివారం పొద్దు వాలుతున్న వేళ. పగటి ఎండకు మెత్తబడిన మంచు, కొండనీడ పడిన చోటల్లా తిరిగి గడ్డకట్టసాగింది. కొండపైకి చేర్చే లిఫ్టు మూసేవేళ కావడంతో వాలుపై జనం పలుచబడ్డారు. భర్త అచ్యుత్ స్కీలు విప్పి, ఫోటో తీయడానికి ఫోన్ పట్టుకొని, దిగువన అడవి అంచున కట్టిన తాడు పక్కన నిలిచాడు. తాడుకు అవతల దేవదారు చెట్లు. వాటి మొదళ్ళ చుట్టూ వదులు మంచు నిండిన లోతైన గోతులు.

"ఏవండీ, అక్కడొద్దు! నా టర్న్ అక్కడికే వచ్చి ఫినిష్ అవుతుంది!"

"నువ్వేమన్నా ట్రక్కువా, వచ్చి గుద్దడానికి? ఇక్కడైతేనే చెయ్యి క్లియర్‌గా పడుద్ది. రా, లిఫ్ట్ క్లోజ్ చేసేస్తున్నారు!"

ఇంతకుముందు ఎండలో మెరిసిన మలుపుచోటు ఇప్పుడు నీలంగా ఉంది. ఆ నీలం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. తెలిసీ బోర్డును వాలులోకి వదిలింది.

మొదటి మలుపు ఎండలో కుదిరింది. రెండవది కాలివేళ్ళ వైపు మలుపు. అందులో ముఖం కొండవైపు, వీపు పల్లంవైపు ఉంటాయి. నీడలో ప్రవేశించగానే అంచుకింద శబ్దం మారి గరగరలాడింది. మోకాళ్ళు ఇంకా వంచవలసిన క్షణమది. కాని మంచు జానెడు దూరంలోనే ఉంది. ఆమె నడుము వంచి చెయ్యి చాపింది.

వేళ్ళకు మంచు తగిలింది. అంచు జారింది.

బోర్లా పడి, బోర్డు ముందుగా, ఆమె పల్లానికి దూసుకుపోయింది. "తప్పుకోండి!" అని అరిచింది. ఫోన్ తెరపై ఆమె ఇంకా చిన్నగా, దూరంగానే కనబడుతున్నందున అచ్యుత్ కదలలేదు. బోర్డు అతని కాళ్ళను కొట్టింది. అతడు తాడుమీదుగా తలకిందులై చెట్టు మొదట్లోని గోతిలోకి దిగబడ్డాడు.

ఆమె బోర్డు విప్పుకొని పాకివచ్చేసరికి బూట్లు మాత్రమే పైకి కనబడుతున్నాయి. పక్కనుంచి మంచు తోడుకుంటూ పోయి ముఖాన్ని చేరి, నోటిలోని మంచు తీసివేసింది. అతడు దగ్గాడు.

"కాళ్ళు... తెలీట్లేదు మృదులా."

"మాట్లాడకండి. ఊపిరి తీసుకోండి, చాలు."

అతణ్ణి పైకి లాగడం ఆమె ఒక్కతివల్ల కాలేదు. ఏమాత్రం కదిపినా కొమ్మలు అదిరి మంచు రాలుతోంది. లిఫ్టు చప్పుడు ఆగిపోయింది. ఆమె అతని ముఖంపై వంగి, రాలేదాన్నంతా వీపుతో కాచుకుంటూ, నిర్జనమైన వాలుకేసి మళ్ళీ మళ్ళీ కేకలు వేసింది. వీపుమీద బరువు పెరుగుతూనే ఉంది.