వాల్వు మీద పసుపునీళ్ళు

నాపరాళ్ళ గనిలో పనికి పోతే ఆర్నెల్లలో చేతులు చేతుల మాదిరి ఉండవు. మా నాయన చేతులు చూసినోణ్ణి, ఆ సంగతి నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కోయిలకుంట్ల పక్క మా ఊర్లో గని తప్ప వేరే బతుకుతెరువు లేదు. నాయన దగ్గుతా మంచం పట్టినాడు. "ఉగాది దాకా చూస్తా. ఆ లోపల నీ వాయిద్యం కూడు పెడితే సరి. ల్యాదంటే సుత్తె పట్టు" అని తేల్చి చెప్పేసినాడు. అది కర్నూలు రాజధానిగా ఉన్న కాలం. నాకు ఇరవై ఏండ్లు.

నాది ఒళ్ళో పండబెట్టుకుని, తీగల మీద ఇనుప కడ్డీ జరిపి వాయించే గిటారు. నేర్పే మనిషి కడపలో లేడు, కర్నూల్లో లేడు. ఉన్నదల్లా మద్రాసు నుంచి తెప్పించిన ఒక పాత ఇంగ్లీషు పుస్తకం, అదీ నడుమ పేజీలు చినిగింది. చినిగిన కాడ ఏముండాదో తెలీక, టీ హోటల్లో గ్రామఫోను ప్లేట్లు విని ఆ బొక్క పూడ్చుకుంటిని. హోటలాయన "ఏమప్పా, టీ తాగేదానికి వచ్చినావా, పాట తాగేదానికి వచ్చినావా?" అని ఎగతాళి చేసేవాడు. చేసుకోనీ అనుకుంటిని.

అంతలో కర్నూలుకు ఒక నాటకాల కంపెనీ వచ్చింది. హార్మోనియం పక్కన గిటారు పెడితే కొత్తగా ఉంటాదని దాన్ని నడిపే కంట్రాక్టరుకు ఆశ. ఆయన పరీక్ష ఒకటే. నాటకాలాడే రేకుల షెడ్డులో అందరికన్నా యెనక కూర్చున్నోళ్ళ కాడికి పోయి "వినపడతాందా?" అని అడుగుతాడు. వినపడతాందంటే పని ఇస్తాడు, ల్యాదంటే పొమ్మంటాడు. నా గిటారేమో మూడో వరస దాటి పోదు.

అందుకే సద్దు పెంచే డబ్బా ఒకటి, రేడియోలో ఉండే గాజు వాల్వులు పెట్టి కట్టాల్సి వచ్చింది. కట్టేది నేర్పింది కర్నూల్లో షాపు పెట్టుకుని రేడియోలు రిపేరు చేసే ఒక సాయిబు, యుద్ధంలో వైర్‌లెస్ పని చేసి వచ్చినోడు. ఆయన కాడా పుస్తకం లేదు. నోటుబుక్కులో పెన్సిలుతో గీసుకున్న పటాలు ఉన్నాయి, అంతే. "గీత చూడు, తీగ చూడు, మళ్ళీ గీత చూడు బేటా" అనేవాడు. తీగ తప్పు అతికితే నన్ను తిట్టకుండా బల్లను కొట్టేవాడు. మిలిటరీ హెడ్‌ఫోనులోని బిళ్ళను, సద్దు పట్టి డబ్బాకు పంపేదానికి, గిటారు పొట్టకు అంటిస్తిమి. అన్నీ యాడాడనో ఏరుకొస్తిమి కానీ, పెద్ద వాల్వు మాత్రం దొరకల్యా. మద్రాసుకు జాబు రాసి రెండు నెలలు కండ్లు కాయలు కాసేలా చూస్తే, రంపపు పొట్టులో పెట్టి ఒకటి పంపినారు. అట్లాంటిది ఈ పక్క ఇంకోటి లేదని సాయిబు చెప్పినాడు.

పరీక్ష శుక్రవారం సాయంత్రం నాలుగింటికి. ఆ మధ్యాన్నం అమ్మ బస్సు దిగి నేరుగా సాయిబు షాపుకు వచ్చింది. టెంకాయ, పసుపు, కుంకుమ, మంత్రాలయం అక్షింతలు మూట కట్టుకొచ్చింది. దుక్కి దున్నే కొత్త మడకైనా, కుట్టుమిషనైనా పూజ చేయకుండా మా ఇండ్లలో తాకరు. ఆమె చెంబు తీసుకుని నీళ్ళకు పోయినప్పుడు సాయిబు నాతో "చెయ్యనీ బేటా, తల్లి మనసు. స్విచ్చి మాత్రం ఆపి చేయించు" అని చెప్పి నమాజుకు పోయినాడు.

నేను ఆపల్యా. అమ్మకు చూపించాలని నా కక్కుర్తి. వాల్వుల్లో ఎర్రగా వెలిగే వత్తులు చూసి ఆమె చెంపలేసుకుంది. "ఒరే, దీపాలు కదరా ఇవి!" అనింది. నాకు ఒళ్ళంతా గర్వం. ఆమె డబ్బాకు బొట్లు పెట్టింది, టెంకాయ కొట్టింది, తమలపాకు పసుపునీళ్ళలో ముంచి చల్లింది.

టప్పుమనింది. కాగే గాజు మీద చన్నీళ్ళు పడితే ఇంకేమైతాది! పెద్ద వాల్వు నిలువునా నెర్రె ఇచ్చింది. లోపల తళతళ మెరిసే పూత చూస్తాండంగానే గాలి చొరబడి తెల్లగా పాలిపోయింది. "ఏం చేస్తివే అమ్మా! నా గొంతు కోస్తివి కదే!" అని బజారంతా వినపడేట్లు అరిస్తిని. ఆమె తమలపాకు చేతిలో పట్టుకుని అట్లే నిలబడింది. "జిగురు పెడితే అతకదా నాయనా?" అని అడిగింది. నేను గోడకు తల కొట్టుకుంటిని.

సాయిబు వచ్చి డబ్బా మీద చెయ్యి పెట్టి చూసినాడు. ఇంకా వేడిగానే ఉండాది. నా మొహం చూసినాడు, అమ్మ మొహం చూసినాడు, స్విచ్చి ఆపినాడు. ఉన్న డబ్బాలన్నీ బోర్లించి వెతికినాడు, సరిపోయే వాల్వు ఒక్కటీ లేదు. "ఉట్టి గిటారుతోనే పో. పోకుంటే ఇంట్లో ఏం చెప్తావు?" అన్నాడు.

షాపులోనే ఉండమంటే అమ్మ వినల్యా, నా యెనకే వచ్చింది. షెడ్డులో నేరుగా కడాకు పోయి, ఆఖరి బెంచీ యెనక నేల మీద కూర్చుంది. నేను స్టేజి మీద గిటారు ఒళ్ళో పెట్టుకుంటిని. చేతులు చెమటకు జారుతాండాయి. కడ్డీని పంచెకు తుడుస్తాండా, మళ్ళీ తుడుస్తాండా. కంట్రాక్టరు పోయి పోయి అమ్మ పక్కనే నిలబడినాడు. ఆమె ఎవరో ఆయనకు తెలీదు. "ఏమ్మా, ఈడికి వినపడతాందా?" అన్నాడు.

"శానా బాగా వినపడతాండాదప్పా! ప్రతి ముక్కా వినపడతాండాది" అని అమ్మ గట్టిగా చెప్పింది.

నేను ఇంకా తీగ ముట్టనే ల్యా.

ఎవరో కిసుక్కుమని నవ్వినారు. కంట్రాక్టరు నవ్వల్యా, "వాయించప్పా" అని మెల్లగా అన్నాడు. వాయిస్తిని. మూడో వరస దాటి పోల్యా.

ఉగాది మర్నాడు సుత్తె పడితిని. అమ్మ ఆ తర్వాత ఇరవై ఏండ్లు బతికింది. ఇంట్లో ఏ కొత్త వస్తువు వచ్చినా "నా చెయ్యి మంచిది కాదు, మీరే చల్లుకోండి" అని పక్కకు పోయేది. సాయిబు స్విచ్చి ఆపమన్న సంగతి ఆమెకు నేను చెప్పనే ల్యా.