కట్ట అడుగున ఉన్న కబురు

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. రాజమహేంద్రవరంలో కాలువల కచేరీలో గుమాస్తాని. మా పెద్ద గుమాస్తా సుబ్బయ్యగారు రోజూ టపాలో వచ్చిన కవర్లన్నీ చింపి, పైపైన ఓసారి చదివాకే పని మొదలుపెట్టేవారు. అది దండగనిపించి నేనొక పద్ధతి పెట్టాను. వచ్చిన వరుసలోనే విప్పాలి. ఒకదానికి జవాబు రాయనిదే రెండోది ముట్టకూడదు. తర్వాత వచ్చింది కట్ట అడుగుకు పోవాలి. దొరగారు మెచ్చుకున్నారు కూడా.

శ్రావణంలో ఓ మధ్యాహ్నం చేపలు పట్టే ముసలాయనొకడు రొప్పుతూ వచ్చాడు.

"గోదారి ఎర్రగా పొంగుతోందండి. ఎగువ నుంచి కబురేవైనా వచ్చిందాండి? మావోళ్ళంతా ఏటి మధ్య లంకలోనే ఉన్నారండి."

"ఏమీ రాలేదు" అన్నాను, రాస్తున్న జవాబు ఆపకుండానే.

"మిగతావి చూడవయ్యా!" అన్నారు సుబ్బయ్యగారు.

"వాటి వంతు రావాలి కదండీ!"

ఆయన కట్ట లాక్కుని గబగబా చింపసాగారు. అట్టడుగున ఎగువ నుంచి టెలిగ్రాం. పెద్ద వరద వస్తోంది, లంకలు ఖాళీ చేయించమని. పొద్దున వచ్చిన దాన్ని బంట్రోతు నా పద్ధతి ప్రకారమే అడుగున పెట్టాడు.

ముసలాయన రేవుకు పరుగెత్తాడు. వెనకే నేనూ. రేవులో ఉన్న పడవలన్నీ లంకకు పంపించాం. ఆఖరి పడవ ఒడ్డుకు చేరేసరికి లంకలో ఇళ్ళ కప్పులే కనిపిస్తున్నాయి. అందరూ బతికారు. చంటిబిడ్డతో దిగిన ఆయన కోడలు నాకు దణ్ణం పెట్టింది.

"సమయానికి కబురంపారు బాబయ్యా."

ముసలాయన నా మొహంలోకి చూశాడు. బిడ్డను ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. ఇప్పుడు నేనే పెద్ద గుమాస్తాని. రోజూ ముందు కవర్లన్నీ చింపుతాను.