తుర్సున్‌కుల్ గాడిద ప్రేమ వ్యవహారం

తాష్కెంట్ పాతబస్తీలో పెరుగమ్ముకునే తుర్సున్‌కుల్‌కు గుర్రపు ట్రామంటే ఒళ్ళుమంట. గంట వాయించుకుంటూ పట్టాల మీద వచ్చే ఆ పెట్టెను చూసి బెదిరిన గాడిదలు ఎవరెవరిని బురదలో పడేశాయో పేర్లతో సహా చెప్పేవాడు.

అతని గాడిద మాత్రం బెదరలేదు, ప్రేమలో పడింది. ఒకరోజు పొద్దున్నే షేఖంతౌర్ పేట దగ్గర, ట్రాము లాగుతున్న తెల్లటి ఆడగుర్రాన్ని చూసి చెవులు నిక్కించి, ఓండ్ర పెట్టి, పెరుగు కుండల బండితో సహా వెంటపడింది. అతను కళ్ళెం లాగాడు, తిట్టాడు, బతిమాలాడు. అది రైల్వేస్టేషన్ దాకా ఆగలేదు. అక్కడికి చేరేసరికి కుదుపులకు కుండల్లో పెరుగంతా మజ్జిగైపోయింది. ఎండకు నాలుకలు పిడచకట్టిన ప్రయాణికులు దాన్నే ఎగబడి కొన్నారు.

మర్నాడూ అదే తంతు. నెల తిరిగేసరికి అతను పెరుగమ్మడమే మానేసి మజ్జిగ అమ్మసాగాడు. ట్రాము కండక్టరు గబ్దుల్లా అనే తాతారు జాతి కుర్రాడు టిక్కెట్టు కోసం వెంటపడ్డాడు.

"నేను బండెక్కానా?" అన్నాడు తుర్సున్‌కుల్.

"ఎక్కలేదులే మామా. కానీ నీ గాడిద రోజంతా మా గుర్రాన్నే చూస్తోందిగా. ఊరికే చూడనిస్తామా?"

"మీ గుర్రమే తోక ఊపి మావాణ్ణి పిలుస్తోంది. ముందు దానికి బుద్ధి చెప్పుకో."

చివరికి రోజుకో గిన్నె మజ్జిగకు రాజీ కుదిరింది.

కొన్నేళ్ళకు కరెంటు ట్రాములొచ్చాయి. గుర్రాలను సంతలో అమ్మేశారు. గాడిద మేత ముట్టక పట్టాల పక్కనే నిలబడిపోతుంటే చూడలేక, తుర్సున్‌కుల్ ఆ ముసలి గుర్రాన్ని కొని ఇంటికి తోలుకొచ్చాడు. గాడిద దాన్ని ఒక్కసారి వాసన చూసి, అటు తిరిగి గడ్డి నమలసాగింది. మళ్ళీ కన్నెత్తి చూస్తే ఒట్టు.

అతను నోరు తెరుచుకుని నిలబడ్డాడు. భార్య అయ్దిన్ మాత్రం ఆశ్చర్యపోలేదు.

"పెళ్ళికి ముందు నువ్వూ మా వీధిలో ఇలాగే తిరిగావు" అంటూ రొట్టెలు కాల్చడానికి వెళ్ళిపోయింది.

ఇక గుర్రాన్నే బండికి కట్టాడు. అది ఏళ్ళ తరబడి పట్టాల మీద నడిచిందేమో, కుదుపన్నదే లేదు. పెరుగు పెరుగులాగే ఉండిపోయేది. జనమేమో మజ్జిగే కావాలనేవారు. దాంతో తుర్సున్‌కుల్ బతికినన్నాళ్ళూ తెల్లారకముందే లేచి, గొణుక్కుంటూ తనే చిలుక్కున్నాడు. గాడిద ద్రాక్షపందిరి కింద పడుకుని, ఆ చప్పుడు భరించలేనట్టు చెవులు వాల్చేసేది.